1.4 సెంటీమీటర్ల థైరాయిడ్ క్యాన్సర్‌కు సగం గ్రంథి తీస్తే చాలా, మొత్తం తీయాలా?

మీ అక్కగారి వయసు 38 ఏళ్లనీ, మెడలో కుడివైపు ఉన్న 1.4 సెంటీమీటర్ల గడ్డకు సూది పరీక్ష చేస్తే పాపిల్లరీ కార్సినోమా (థైరాయిడ్ క్యాన్సర్‌లో ఒక రకం), బెథెస్డా 6 (సూది పరీక్షలో క్యాన్సరేనని చెప్పే వర్గం) అని వచ్చిందనీ, హైదరాబాదులో ఒక సర్జన్ థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసి తరువాత రేడియో అయోడిన్ (మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియోధార్మిక మందు) ఇవ్వాలంటే, మరొకరు కుడి సగం తీస్తే చాలన్నారనీ రాశారు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలి, ఎంత తొందరగా నిర్ణయించుకోవాలి అన్నవి మీ ప్రశ్నలు. ఇద్దరూ శాస్త్రం చదివే మాట్లాడారు. కాకపోతే మొదటివారు చదివినది పదిహేనేళ్ల కిందటి శాస్త్రం. మెడ ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టి నాకు ఇరవై ఆరేళ్లయింది. అందులో మొదటి సగం కాలం నేను కూడా ఇలాంటి గడ్డలకు గ్రంథి మొత్తం తీసినవాడినే. మీరు ఇచ్చిన వివరాలే పూర్తి వివరాలైతే ఈ రోజు నేను సగమే తీస్తాను. ఎందుకో, ఏ పరిస్థితిలో ఈ మాట మార్చుకుంటానో చెబుతాను.

ముందుగా మీరు రాసిన స్కాన్ రిపోర్టు సంగతి. అందులో గడ్డ కొలతలు ఉన్నాయి, ఎడమవైపు లోబ్ (గ్రంథిలో ఆ వైపు సగం) మామూలుగా ఉందని ఒక వాక్యం ఉంది, మెడలోని లింఫ్ నోడ్ల (క్యాన్సర్ మొదట పాకే చిన్న గ్రంథుల) గురించి మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. నోడ్లు లేవు కాబట్టి రాయలేదా, చూడలేదు కాబట్టి రాయలేదా అన్నది ఆ కాగితం చూసి ఎవరూ చెప్పలేరు. సగమా, మొత్తమా అన్న చర్చ అంతా నోడ్లు శుభ్రంగా ఉన్నాయన్న ఆధారం మీదే నిలబడుతుంది కాబట్టి, మళ్లీ ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించండి. ఆ పని మెడ స్కాన్లు రోజూ చేసే రేడియాలజిస్టు చేతుల మీదుగా జరగాలి. శ్వాసనాళానికి ఇరుపక్కలా, దవడ కింది నుంచి కాలర్ ఎముక దాకా రెండు వైపులా చూసి, ఎక్కడైనా నోడు గుండ్రంగా ఉబ్బి ఉందా, లోపల తెల్లటి చుక్కలుగాని నీటి తిత్తులుగాని కనిపిస్తున్నాయా అన్నది రాయాలి. అనుమానం ఉన్న నోడు నుంచి సూదితో తీసి, ఆ సూదిని కడిగిన నీళ్లలో థైరోగ్లోబులిన్ (థైరాయిడ్ కణాలు మాత్రమే తయారుచేసే ప్రొటీన్) ఎంతుందో చూస్తే అనుమానం తీరిపోతుంది. ఇంకొక విషయం, గడ్డ గ్రంథిలో ఎక్కడ ఉందన్నది. గ్రంథి ముందు భాగంలో ఉన్న 1.4 సెంటీమీటర్ల గడ్డ, వెనుక గోడను ఒరుసుకుని శ్వాసనాళం పక్కన స్వరపేటిక నరం వెళ్లే దారిలో ఉన్న 1.4 సెంటీమీటర్ల గడ్డ ఒకటి కావు. కొలత ఒకటే అయినా రెండో దానిలో నేను జాగ్రత్త పడతాను.

ఇక గ్రంథి మొత్తం తీయాలన్న వాదన ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, అది ఎందుకు బలహీనపడిందో అర్థమవుతుంది. దానికి మూడు కారణాలు చెప్పేవారు. పాపిల్లరీ క్యాన్సర్ ఒకే గ్రంథిలో రెండు మూడు చోట్ల పుట్టే స్వభావం కలది కాబట్టి రెండో లోబ్‌లోనూ కంటికి కనిపించని కణాలు ఉండవచ్చన్నది మొదటిది. గ్రంథి పూర్తిగా పోతేనే రేడియో అయోడిన్ సరిగా పనిచేస్తుందన్నది రెండవది. గ్రంథి లేని మనిషి రక్తంలో థైరోగ్లోబులిన్ కనిపిస్తే అది క్యాన్సర్ నుంచే వచ్చి ఉండాలి కాబట్టి, జబ్బు తిరగబెట్టిందీ లేనిదీ సులువుగా పట్టుకోవచ్చన్నది మూడవది. వీటికి తోడు 2007లో అమెరికా జాతీయ క్యాన్సర్ సమాచార నిధిలోని 52,173 మంది రోగుల లెక్కలు ప్రచురించారు. 1 సెంటీమీటరు దాటిన గడ్డల్లో మొత్తం తీసినవారికి జబ్బు తిరగబెట్టడం, దానివల్ల చనిపోవడం రెండూ కొంత తక్కువగా ఉన్నాయని అందులో తేలింది. 2009లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలు 1 సెంటీమీటరు దాటితే మొత్తం తీయాలని దాదాపు ఖాయం చేశాయి. మన దగ్గర ఆ కాలంలో శిక్షణ పొందిన సర్జన్లందరి చేతికీ అదే అలవాటైంది.

తరువాత అదే సమాచార నిధి నుంచి 1 నుంచి 4 సెంటీమీటర్ల గడ్డలున్న 61,775 మందిని తీసుకుని 2014లో మళ్లీ లెక్క కట్టారు. ఈసారి రోగి వయసు, ఇతర జబ్బులు, గడ్డ గ్రంథి గోడ దాటిందా, నోడ్లలోకి వెళ్లిందా వంటి వాటిని కూడా సరిచూసుకున్నారు. ఆయుష్షు విషయంలో సగం తీసినవారికీ మొత్తం తీసినవారికీ తేడా కనిపించలేదు. 2007 నాటి తేడా ఆపరేషన్ వల్ల వచ్చింది కాదని, ఏ ఆపరేషన్‌కు ఎలాంటి రోగులను ఎంచుకున్నారన్న దానివల్ల వచ్చిందని దీన్ని బట్టి అనుకోవచ్చు. 2015 మార్గదర్శకాలు 1 సెంటీమీటరు లోపు గడ్డకు ఆపరేషన్ చేయదలిస్తే లోబెక్టమీయే (ఒక వైపు సగం తీయడమే) చాలన్నాయి. 1 నుంచి 4 సెంటీమీటర్ల మధ్య, గోడ దాటని, నోడ్లు లేని గడ్డకు రెండింటిలో ఏదైనా సరైనదేనన్నాయి. 2025లో వచ్చిన సవరణ 2 సెంటీమీటర్ల లోపు గడ్డల విషయంలో లోబెక్టమీ వైపు ఇంకా స్పష్టంగా మొగ్గింది. మీ అక్కగారి గడ్డ ఆ హద్దులోనే ఉంది.

రెండో లోబ్‌లో కనిపించని కణాలుంటే ఎలా అన్న భయం మాత్రం కుటుంబ సభ్యులను వదలదు, అది సహజమే. దానికి నా జవాబు ఫిన్లాండు నుంచి మొదలవుతుంది. 1985లో అక్కడ వేరే కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడ్ గ్రంథులను సన్నటి ముక్కలుగా కోసి చూస్తే 36 మందిలో చిన్న చిన్న పాపిల్లరీ క్యాన్సర్లు కనిపించాయి. అంటే మూడింట ఒకరికి పైగా మనుషులు తమలో ఇది ఉందని తెలియకుండానే జీవితమంతా గడిపేశారు. దక్షిణ కొరియాలో దీనికి మరో ముఖం కనిపించింది. ఇతర క్యాన్సర్ల పరీక్షలతో పాటు థైరాయిడ్ స్కాను కూడా విరివిగా చేయడం మొదలుపెట్టాక 2011లో ఆ దేశపు థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాల రేటు ఉన్నచోటే ఉంది. అంత మందికి ఆపరేషన్లు చేసినా మరణాలు తగ్గలేదంటే, తీసిన గడ్డల్లో ఎక్కువ భాగం ప్రాణం తీసేవి కావని అర్థం. జపాన్‌లోని కోబె నగరంలో కూమా ఆసుపత్రి 1993 నుంచే 1 సెంటీమీటరు లోపు పాపిల్లరీ గడ్డలున్నవారిని ఆపరేషన్ లేకుండా ఏటా స్కాన్లతో గమనిస్తూ వస్తోంది. అలా గమనించిన 1,235 మందిలో పదేళ్లకు గడ్డ 3 మిల్లీమీటర్లు పెరిగినవారు 8 శాతం, నోడ్లు కనిపించినవారు 3.8 శాతం, థైరాయిడ్ క్యాన్సర్‌తో చనిపోయినవారు లేరు. కళ్లకు కనిపించే గడ్డే ఇంత నెమ్మదిగా ఉంటే, రెండో వైపు ఉందో లేదో తెలియని కొన్ని కణాల కోసం ఆ లోబ్‌ను ముందుగానే తీసేయడంలో లాభం చాలా తక్కువ. అయితే మీ అక్కగారి గడ్డ 1.4 సెంటీమీటర్లు, వయసు నలభై లోపు. కూమా లెక్కల్లో వృద్ధుల కన్నా చిన్న వయసువారిలోనే గడ్డలు ఎక్కువగా పెరిగాయి. కాబట్టి ఆపరేషన్ లేకుండా చూస్తూ ఉండమని నేను చెప్పను.

లాభం తక్కువంటే సరిపోదు, ఖర్చు ఎంతో కూడా చూడాలి. నేను రూపాయల ఖర్చు గురించి మాట్లాడడం లేదు. థైరాయిడ్ వెనుక నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, రెండేసి చొప్పున ఒక్కో వైపు. ఒక్కొక్కటి కందిపప్పు బద్దంత ఉంటుంది, పసుపు కలిసిన గోధుమ రంగులో ఉండి చుట్టూ ఉన్న కొవ్వులో కలిసిపోతుంది. దానికి రక్తం తెచ్చే నాళం వెంట్రుకంత సన్నం. ఆపరేషన్‌లో ఆ నాళం తెగితే మన కళ్లముందే ఆ బద్ద నల్లబడుతుంది. అప్పుడు దాన్ని తీసి సన్నగా తరిగి మెడ కండరంలో జేబులాంటి చీలిక చేసి నాటుతాము, కొన్నిసార్లు బతుకుతుంది, కొన్నిసార్లు బతకదు. సగం తీసినప్పుడు రెండో వైపు రెండు గ్రంథులను మనం ముట్టుకోను కూడా ముట్టుకోము కాబట్టి కాల్షియం శాశ్వతంగా పడిపోయే ప్రమాదం దాదాపు ఉండదు. మొత్తం తీసినప్పుడు నాలుగూ ప్రమాదంలో పడతాయి. స్వరపేటిక నరాలదీ ఇదే లెక్క: ఒక వైపు పనిచేస్తే ఒక నరమే మన కత్తికి దగ్గరగా వస్తుంది. అది దెబ్బతింటే గొంతు పీలగా, గాలి పోతున్నట్టుగా మారుతుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది. రెండూ దెబ్బతింటే ఊపిరి ఆడక గొంతుకు రంధ్రం చేయాల్సి రావచ్చు. కొరియాలో ఆపరేషన్ అయిన 15,000 మందికి పైగా రోగుల బీమా లెక్కలు చూస్తే 11 శాతం మందికి పారాథైరాయిడ్ లోపం, 2 శాతం మందికి స్వరతంత్రి పక్షవాతం నమోదయ్యాయి. అనుభవం ఉన్న చేతుల్లో ఈ అంకెలు ఇంతకన్నా బాగా తక్కువగా ఉంటాయి, సున్నా మాత్రం కావు. మీ అక్కగారు జగిత్యాల దగ్గర బడిలో పాఠాలు చెబుతారని రాశారు కాబట్టి గొంతు సంగతి ఆమెకు రోజువారీ జీవనాధారం.

అంకెలు చెప్పడం సులువే. నా వృత్తి జీవితం మొదట్లో 9 మిల్లీమీటర్ల గడ్డకు ఒకావిడకు మొత్తం గ్రంథి తీశాను. అప్పటి పద్ధతి అదే. రెండో రోజు సాయంత్రం ఆమెకు పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది, రాత్రికి వేళ్లు కొంకర్లు పోయాయి. రక్తనాళంలోకి కాల్షియం ఎక్కించాము, తగ్గింది, ఇంటికి వెళ్లారు. ఆరు నెలల్లో సర్దుకుంటుందనుకున్న లోపం ఇప్పటికీ సర్దుకోలేదు. ఆవిడ ఈ మధ్య చూపించుకోవడానికి వచ్చినప్పుడు చీర కొంగు ముడి విప్పి అందులోంచి కాల్షియం మాత్రల స్ట్రిప్పు తీసి చూపించారు. ఎక్కడికి వెళ్లినా అది ఉండాలట, పెళ్లి భోజనంలో కూర్చున్నా వేళ్లు బిగుసుకోవడం మొదలైతే వేసుకోవాలట. ఆ గడ్డ వల్ల ఆవిడకు ఏ కష్టం రాలేదు, వచ్చిందంతా నా ఆపరేషన్ వల్లనే. క్యాన్సర్ నయమైందని ఆవిడ ఇప్పటికీ నాకు దండం పెడతారు, అది నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

మన ప్రాంతంలో పెద్ద సర్జన్లు కొందరు చెప్పే మాట ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేము. మన రోగులు ఊళ్ల నుంచి వస్తారు, ఆపరేషన్ అయ్యాక ఏటా స్కాన్‌కు రమ్మంటే రారు, కాబట్టి ఒకేసారి మొత్తం తీసేస్తే నిశ్చింత అంటారు. నాకూ చాలాకాలం ఇది సబబుగానే తోచింది. తరువాత ఎదురైనవి వేరు. స్కాన్‌కు రాని రోగి మాత్ర కూడా మానేస్తాడు. గ్రంథి మొత్తం పోయినవారికి లెవోథైరాక్సిన్ మాత్ర ప్రతిరోజూ పరగడుపున పడాలి, జీవితాంతం. సీసా అయిపోయి వారమైనా కొనుక్కోనివారిని, ఒంట్లో బాగానే ఉందని నెలల తరబడి మానేసి ముఖం ఉబ్బి, మాట మందగించి వచ్చినవారిని, ఇంట్లో పెళ్లి పనుల్లో కాల్షియం మరచిపోయి అర్ధరాత్రి అత్యవసర విభాగానికి వచ్చినవారిని నేను చూశాను. సగం గ్రంథి మిగిలిన మనిషి మందు మరచిపోయినా ఆ సగం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. క్రమం తప్పకుండా రాలేని రోగికి ఏది క్షేమం అని అడిగితే, తక్కువ ప్రమాదం ఉన్న గడ్డల విషయంలో నేను సగం వైపే చెబుతాను. అదే వాదన నోడ్లున్న పెద్ద గడ్డకు వర్తించదు.

ఇక్కడ ఒక విషయంలో మీకు తప్పుడు ఆశ కల్పించదలచుకోలేదు. సగం తీస్తే మాత్ర అసలే అక్కర్లేదని కొందరు చెబుతారు. మిగిలిన సగం సరిపోక మాత్ర అవసరమయ్యేవారు చాలామందే ఉంటారు, ముఖ్యంగా ముందునుంచే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) పై అంచున ఉన్నవారిలోనూ, హాషిమోటో (ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు) ఉన్నవారిలోనూ. మీ అక్కగారి టీఎస్‌హెచ్ 1.8 అని రాశారు కాబట్టి మాత్ర లేకుండా గడిచే అవకాశం బాగానే ఉంది. అవసరమైనా చిన్న మోతాదే కావచ్చు. ఆమె ముందే మాత్ర వేసుకుంటున్న మనిషైతే నా వాదనలో ఒక కాలు విరిగినట్టే, అయినా పారాథైరాయిడ్లు, నరం అనే మిగతా రెండు కాళ్లు నిలిచే ఉంటాయి.

ఆపరేషన్ తరువాత వచ్చే పాథాలజీ రిపోర్టే అసలు తీర్పు. సూది పరీక్షలో పాపిల్లరీ అని మాత్రమే తెలుస్తుంది. అది గోడ దాటిందా, రక్తనాళాల్లోకి చొరబడిందా, టాల్ సెల్ వంటి దూకుడు రకమా అన్నవి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తేనే తేలుతాయి. వాటిలో ఏదైనా వస్తే రెండో సగం కూడా తీయాల్సి రావచ్చు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే ఆమెకూ, ఇంట్లోవాళ్లకూ చెప్పి ఉంచండి. లేకపోతే తరువాత మొదటి ఆపరేషన్ తప్పు చేశారన్న మాట పుడుతుంది. నాలుగేళ్ల కిందట ఒక యువకుడికి 1.6 సెంటీమీటర్ల గడ్డకు సగం తీశాను. రిపోర్టులో నాలుగు చోట్ల రక్తనాళాల్లో క్యాన్సర్ కణాలు కనిపించాయి. నెలన్నర తరువాత రెండో వైపు తీసి రేడియో అయోడిన్ ఇప్పించాము. రెండో వైపు మొదటిసారి ముట్టుకోలేదు కాబట్టి ఆ ఆపరేషన్ కూడా కొత్త మెడలో చేసినంత సాఫీగానే జరిగింది. తీసిన లోబ్‌ను తిరిగి పెట్టలేము, మిగిల్చినదాన్ని ఎప్పుడైనా తీయగలము. ఒక్కోసారి రిపోర్టు మంచి వైపు కూడా తిరుగుతుంది. గోడ దాటని, పొరలో ఉన్న ఒక రకం ఫాలిక్యులర్ గడ్డను 2016లో క్యాన్సర్ జాబితా నుంచే తొలగించి కొత్త పేరు పెట్టారు. కానీ మీ అక్కగారి సూది పరీక్ష బెథెస్డా 6, అందులో క్యాన్సర్ కాకపోయే అవకాశం చాలా తక్కువ కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

రేడియో అయోడిన్ గురించి క్లుప్తంగా: తక్కువ ప్రమాదం ఉన్న గడ్డలకు మొత్తం గ్రంథి తీశాక 30 మిల్లీక్యూరీల అయోడిన్ ఇచ్చినవారినీ, ఇవ్వనివారినీ పోల్చి ఫ్రాన్సులో చేసిన పరీక్ష 2022లో వెలువడింది. 776 మందిని మూడేళ్లు గమనిస్తే తేడా కనిపించలేదు. కాబట్టి అయోడిన్ ఇవ్వడం కోసం గ్రంథి మొత్తం తీయాలన్న కారణం మీ అక్కగారి విషయంలో నిలవదు. సగం తీశాక థైరోగ్లోబులిన్ పరీక్ష అంతగా పనికిరాదన్నది నిజమే, ఎందుకంటే మిగిలిన సగం కూడా దాన్ని తయారుచేస్తుంది. ఆరు నెలలకు, తరువాత ఏటా ఒకసారి మంచి అల్ట్రాసౌండ్ చేయించుకుంటే చాలు. ఇలాంటి గడ్డకు సగం గ్రంథి తీశాక జబ్బు తిరగబెట్టేది సుమారు 5 శాతం లోపు, అదీ ఎక్కువగా మెడ నోడ్లలో, అప్పుడు ఆపరేషన్‌తో తీయగలిగే దశలో.

ఇప్పుడు నేను మాట మార్చుకునే సందర్భాలు. కొత్త స్కానులో నోడు కనిపించి సూది పరీక్షలో రుజువైతే, ఎడమ లోబ్‌లో అనుమానాస్పదమైన గడ్డ ఉంటే, క్యాన్సర్ గ్రంథి గోడను దాటి చుట్టుపక్కల కండరంలోకో నాళంలోకో వెళ్లిందని తేలితే, చిన్నతనంలో ఆమె మెడకు రేడియేషన్ తగిలి ఉంటే, మొత్తం తీయడమే సరైనది. మీ ఇంట్లో దగ్గరి బంధువులకు థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఆ సంగతి కూడా సర్జన్‌కు చెప్పండి. వీటితో పాటు మరొకటుంది, అది వైద్య పుస్తకాల్లో రెండు వాక్యాల్లో తేలిపోతుంది గాని మన ఇళ్లలో అంత తేలిగ్గా తేలదు. సగం క్యాన్సర్‌ను లోపలే వదిలేశారట అని చుట్టాలు అంటారు. వదిలింది ఆరోగ్యకరమైన సగమని ఎన్నిసార్లు చెప్పినా అంటారు. ఆ మాటలకు రాత్రుళ్లు నిద్రపట్టక, ప్రతి నెలా మెడ తడుముకుంటూ గడిపే స్వభావం ఆమెదైతే, అన్నీ తెలుసుకున్న తరువాత కూడా మొత్తం తీయించుకోవాలని ఆమే కోరితే, నేను కాదనను. నిర్ణయం మాత్రం ఆమెదై ఉండాలి, మీదీ, బావగారిదీ కాకుండా. మీ ఉత్తరంలో ఆమె ఏమనుకుంటున్నారో ఎక్కడా లేదు.

సర్జన్‌ను ఎంచుకునేటప్పుడు ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారని అడగడానికి మొహమాటపడవద్దు. ఏడాదికి 25కు పైగా మొత్తం గ్రంథి ఆపరేషన్లు చేసేవారి చేతుల్లో ఇబ్బందులు తక్కువని అమెరికా లెక్కల్లో కనిపించింది. ఆపరేషన్‌కు ముందూ తరువాతా స్వరతంత్రులను గొట్టం వేసి చూసే అలవాటు ఉన్నవారైతే మంచిది, గొంతు విషయంలో తరువాత ఏ సందేహం వచ్చినా పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. నోడ్లు లేని ఇంత చిన్న గడ్డకు ముందుజాగ్రత్తగా మెడ మధ్యభాగపు నోడ్లన్నీ ఊడ్చేయడం అవసరం లేదు. ఎవరైనా అలా ప్రతిపాదిస్తే ఎందుకని అడగండి, ఎందుకంటే పారాథైరాయిడ్లు ఉండేది అక్కడే.

ఎంత తొందరగా అన్న రెండో ప్రశ్నకు: వారాలే కాదు, రెండు మూడు నెలలు ఆగినా ఈ గడ్డ ఫలితాన్ని మార్చదు. బడిలో పరీక్షలు అయిపోయే దాకా ఆగుతానని ఆమె అంటే ఆగనివ్వండి. ఈలోపు నోడ్లు చూసిన కొత్త స్కాను చేయించి, రిపోర్టుతో పాటు టీఎస్‌హెచ్, కాల్షియం, విటమిన్ డి పరీక్షల కాగితాలు కూడా తీసుకుని ఆ రెండో సర్జన్ దగ్గరికి ఆమెతోనే వెళ్లండి.